తెగని మాట: పదకొండో భాగం

సోమవారం పొద్దున పది గంటల పదిహేడు నిమిషాలకు మూడో నంబరు బెల్టు ఎందుకు తిరిగింది? గురువారం దాకా ఫ్యాక్టరీలో ఏ ఇద్దరు కలిసినా ఇదే మాట. ఆగి ఉన్న బెల్టు కింద నడుం వంచి రోలరు మారుస్తున్న మనిషి చెయ్యి, బెల్టు కదిలేసరికి మోచేతి కింద రెండు చోట్ల విరిగింది. వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటాయో లేదో డాక్టర్లు ఇంకా చెప్పలేదు. కొండ మీద పనిచేసేవాళ్ళంతా ఆయన్ని బెల్టు బాబాయి అంటారు. సెట్లక్కకు మాత్రం ఆయన వరసకు కాదు, నిజంగానే బాబాయి. తండ్రికి ఒక్కగానొక్క తమ్ముడు.

సెట్లక్క అనేది ఫ్యాక్టరీ ఆమెకు పెట్టిన పేరు. వాకీటాకీ సెట్లు బాగుచెయ్యడం ఆమె ఉద్యోగం. చేరిన కొత్తలో ఎవరో వేళాకోళానికి అన్న మాట, పదహారేళ్ళలో అసలు పేరును మింగేసింది.

కొండ మీద రాయి తవ్వే గని. కొండ కింద, బెల్టుల మీద దిగొచ్చే ఆ రాయిని పొడి చేసే ప్లాంటు. ఏటికి అవతల, సరుకును వ్యాగన్లకెక్కించే యార్డు. మూడు చోట్లా సెట్లున్నా, మొన్న మొన్నటిదాకా ఎవరి మాట వాళ్ళకే వినబడేది. కొండ అడ్డం, దూరం అడ్డం. గనిలో ఫోన్లు పలకవు. బెల్టు మీద ఏదైనా తేడా వస్తే మనిషి మోటారు సైకిలేసుకుని కిందికి దిగి, ఆయాసపడుతూ చెప్పేవాడు. ఆ లోపల జరగాల్సింది జరిగిపోయేది. సెట్లక్క పదకొండు నెలలు ఆఫీసు మెట్లు ఎక్కీ దిగీ, కాదన్నవాళ్ళ చేతే ఔననిపించి, మూడు చోట్లా మూడు చిన్న పెట్టెలు పెట్టించింది. గనిలో సెట్టులో పలికిన మాటను అక్కడి పెట్టె పట్టుకుని ఇంటర్నెట్ మీద పంపుతుంది. మిగిలిన రెండు చోట్లా పెట్టెలు దాన్ని అందుకుని, అక్కడి సెట్లన్నిట్లోనూ వినిపిస్తాయి. నాలుగు నెలలుగా కొండ దగ్గితే ఏటి అవతలికి తెలుస్తోంది.

ఇప్పుడు ఆ పెట్టెల మీదికే వచ్చింది నింద.

సోమవారం బాబాయి జోడీ, అంటే ఆయనతో జతగా పనిచేసే మనిషి, కొండ మీద నుంచి సెట్టులో “మూడో బెల్టు వెయ్యొద్దు” అన్నాడు. ప్లాంటు కంట్రోల్ రూములో అది “మూడో బెల్టు వెయ్యి” అని వినపడిందట. మధ్యలో ఇంటర్నెట్ చివరి ముక్క మింగేసిందట. కంట్రోల్ రూములో మీట దగ్గర కూర్చునే పెద్దాయన అలాగే వాంగ్మూలం రాసి సంతకం పెట్టాడు.

వినేవాళ్ళకు నమ్మబుద్ధేసే కథే. మన మాట తీరే అంత. చెయ్యమన్నా, వద్దన్నా వాక్యం ఒక్కలాగే మొదలవుతుంది. వద్దన్న సంగతి చిట్టచివర్న గానీ తేలదు. ఆ చివర తెగిందంటే వద్దన్నవాడే చెయ్యమన్నట్టు అవుతుంది. ఈ సంగతి అందరికంటే ముందు తెలిసింది సెట్లక్కకే. అందుకే పెట్టెలు పెట్టిన మొదటి రోజే మూడు చోట్లా మనుషుల్ని పోగేసి పాఠం చెప్పింది. బటన్ నొక్కి, లోపల ఒకటి అని లెక్కపెట్టుకుని మాట మొదలుపెట్టాలి. మాట అయ్యాక మళ్ళీ ఒకటి అనుకుని బటన్ వదలాలి. ఏదైనా ఆపించాలంటే ఎవరూ వద్దు అనకూడదు, ఆపు అని మూడుసార్లు అనాలి. గోడల మీద రాయించింది కూడా. సోమవారం కంగారులో జోడీకి ఆ పాఠం గుర్తుకు రాలేదు. అప్పటినుంచి ఆయన ఆసుపత్రి వరండాలో కూర్చుని, తన నోటితోనే తన మనిషి చెయ్యి విరిచానని ఏడుస్తున్నాడు.

నిజం చెప్పాలంటే సెట్లక్కకూ అనుమానం వచ్చింది. తన పెట్టే మాట మింగిందా అన్న దిగులుతో మంగళవారమంతా కొండకీ ప్లాంటుకీ తిరిగింది. అదే మాటను రెండు వందల సార్లు పలికించి చూసింది. ఒక్కసారీ తెగలేదు. ఏ సెట్టు ఎప్పుడు మాట్లాడిందో, ఎన్ని సెకన్లు మాట్లాడిందో పెట్టెలు రాసుకునే జాబితా ఒకటి ఆఫీసు కంప్యూటరులో ఉంటుంది. అది చూపించమని మూడు రోజులుగా అడుగుతోంది. తాళం తమ దగ్గర లేదని ఒకరు, కంప్యూటరు నెమ్మదిగా ఉందని ఒకరు తిప్పుతున్నారు.

గురువారం పొద్దున ఇంట్లో భర్త కూడా, పెట్టె మాట మింగిందని ఆఫీసువాళ్ళు రాసే కాగితం మీద సంతకం పెట్టెయ్యమన్నాడు. అతను యార్డులో లోడింగ్ సూపర్‌వైజరు. బూట్ల తాడు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, “పెట్టె మీదికి తోసేస్తే మనుషులు బయటపడతారు. పెట్టెకేమన్నా నొప్పా?” అన్నాడు. ఆమె ఉద్యోగానికి ముప్పొస్తుందని భయపడుతున్నాడనుకుంది. అతను సోమవారం నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. ఆసుపత్రికి రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అంటూనే ఉన్నాడు, వ్యాగన్లు వదిలి రావడం కుదరలేదంటున్నాడు. మెత్తని మనిషి, తట్టుకోలేడులే అని సరిపెట్టుకుంది. తన సెట్టు నడుముకు తగిలించుకుని బయల్దేరింది.

*

మేనేజరు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద గాజు పలక, గాజు కింద ఫ్యాక్టరీ పటం. ఏసీ నుంచి కారే నీళ్ళకు మూలన ఒక బకెట్టు పెట్టారు. కిటికీలోంచి మూడో బెల్టు కనపడుతోంది. ఏమీ జరగనట్టు తిరుగుతోంది.

బల్లకు ఒక పక్క మేనేజరు. మరో పక్క విచారణకని పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారిణి. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు, ముందు ఒక నోటు పుస్తకం. గోడవార కుర్చీలో కంట్రోల్ రూము పెద్దాయన. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, వాటినే చూసుకుంటున్నాడు.

మేనేజరు కాగితాలు ఆమె ముందుకు జరిపాడు. గొంతులో ఎక్కడా కరుకుదనం లేదు. ఇందులో ఎవరి తప్పూ రాయలేదని, యంత్రం చేసిన పొరపాటుకు మనుషులు తిట్టుకోవడం దేనికని, బాబాయికి అందవలసిన సాయమంతా అందుతుందని నచ్చజెప్పాడు. ఆమె నిలబడే చదివింది. రెండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. కాబట్టి మూడు చోట్ల సెట్లను కలిపే పెట్టెలను వెంటనే తీసివేయడమైనది. తీసివేయవలసి ఉన్నది అని కాదు. తీసివేయడమైనది. విచారణ మొదలు కాకముందే తీర్పు రాసి, ముగ్గురి సంతకాలకు గళ్ళు గీసి పెట్టారు.

ఆమె కాగితాలు బల్ల మీద పెట్టి, కలం వాటి మీద అడ్డంగా పెట్టింది.

“చదివానని రాయమంటే రాస్తాను సార్. మాట తెగిందని రాయను. అది తెగలేదు.”

మేనేజరు నవ్వాడు. తర్వాత ఆయన మనసులో మాట బయటికొచ్చింది. పెట్టెలు వచ్చిన ఈ నాలుగు నెలల్లో కొండ మీద వాళ్ళు బెల్టును పందొమ్మిది సార్లు ఆపించారట. ఒకసారి చిరుగు, ఒకసారి రాయి ఇరుక్కుంది, ఒకసారి ఎవరో చెప్పు పడేసుకున్నారు. పూర్వం ఇన్ని ఆపడాలు లేవట.

“ప్రతివాడికీ బెల్టు ఆపే నోరొచ్చిందమ్మా,” అన్నాడు.

“చెయ్యి ఉన్న ప్రతివాడికీ ఆ నోరు కావాలి సార్,” అంది సెట్లక్క.

అధికారిణి కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి ఆమెను పరీక్షగా చూసింది. మాట తెగలేదని ఎలా చెప్పగలరని అడిగింది. చెప్పడమెందుకు, వినిపిస్తానంది సెట్లక్క. నడుము నుంచి సెట్టు తీసి, శబ్దం పూర్తిగా పెంచి గాజు పలక మీద నిలబెట్టింది. బటన్ నొక్కి కొండను పిలిచింది. సోమవారం అన్న మాట మళ్ళీ అనమని, జాగ్రత్తగా కాకుండా కంగారులో అన్నట్టే అనమని, బటన్ తొందరగా వదిలేసినా ఫరవాలేదని చెప్పింది.

కాసేపు గరగర. తర్వాత వణుకుతున్న గొంతు. జోడీ ఆ పొద్దునే ఆసుపత్రి నుంచి డ్యూటీకి వచ్చాడు.

“మూడో బెల్టు వెయ్యొద్దు.”

కొస దాకా, పొల్లు పోకుండా వచ్చింది. మళ్ళీ అనమంది. మళ్ళీ వచ్చింది. పదిసార్లు అనిపించాలనుకుంది ఆమె. మూడోసారి అనకముందే జోడీ ఏడ్చేశాడు. అప్పుడు ఆయన చేతిలో సెట్టు ఎవరో తీసుకున్నట్టున్నారు. డ్రిల్లు పట్టే ఆవిడ గొంతు, గదమాయించినట్టు, “మూడో బెల్టు వెయ్యొద్దు” అంది. వెనకాలే డంపరు డ్రైవరు అన్నాడు, ఇంజను చప్పుడు మీద నుంచి అరిచినట్టు. తర్వాత నీళ్ళ ట్యాంకరు ముసలాయన, దగ్గు మధ్యలో ఆగి ఆగి. ఇంకెవరో బళ్ళో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. ఇంకెవరో “మూడోది వెయ్యొద్దు, నాలుగోదీ వెయ్యొద్దు, మమ్మల్నడక్కుండా ఏదీ వెయ్యొద్దు” అన్నాడు. వెనక నవ్వులు వినిపించాయి. కొండ మీద పని ఆపి సెట్టు చుట్టూ గుమిగూడారని సెట్లక్కకు అర్థమైంది. ఆమె అడిగింది పది. పదిహేనయ్యాయి, ఇరవై అయ్యాయి, వాళ్ళు ఆపలేదు. వద్దు, వద్దు, వద్దు అన్న మాట గాజు పలకను అదరగొడుతోంది. ఏళ్ళ తరబడి ఆ గదికి చేరని గొంతులన్నీ వరసకట్టి లోపలికి వస్తున్నట్టుంది.

మేనేజరు ఇక చాలని వాళ్ళకు చెప్పమన్నాడు. ఆమె కదల్లేదు. అధికారిణి ఒక్కో గొంతుకూ నోటు పుస్తకంలో ఒక్కో గీత గీస్తోంది. సెట్టు నిశ్శబ్దమయ్యాక లెక్కపెట్టి చూసింది. ముప్పై ఒకటి. ఒక్కటీ తెగలేదు.

మేనేజరు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇంటర్నెట్ అనేది వాన లాంటిదని, ఇవాళ బాగున్నంత మాత్రాన సోమవారం బాగున్నట్టు కాదని వాదించాడు. ఆ వాదన పూర్తికాకముందే గోడవార కుర్చీలోంచి సన్నగా వినిపించింది.

“సోమవారం కూడా ఇలాగే వినపడింది సార్.”

పెద్దాయన తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ ముప్పై ఒక్క గొంతులూ ఆయనకు ఒక్కొక్కటీ తెలిసినవే. తడబడుతూనే చెప్పాడు. సోమవారం “వెయ్యొద్దు” అన్న మాట పూర్తిగా విన్నాడట. విని, మీట మీద నుంచి చెయ్యి తీసేశాడట. అరనిమిషం గడిచాక సెట్టులో ఇంకో మాట వచ్చిందట. బెల్టు వెయ్యమని. రోజంతా మోగే అలాంటి మాటల మధ్య అది ఇంకెవరూ చెవిన పెట్టలేదట. వేశాడట. మాట తెగిందని రాస్తే అందరికీ మంచిదని ఆఫీసులో చెప్పారు కాబట్టి అలా రాశాడట.

రెండో మాట ఎవరిదని అధికారిణి అడిగింది. పెద్దాయన సెట్లక్క వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

“అది మాత్రం నా నోటితో చెప్పించకండమ్మా,” అన్నాడు అధికారిణితో.

మేనేజరు ఒక నిట్టూర్పు విడిచి సొరుగు లాగాడు. అందులోంచి ఒక కాగితం తీసి సెట్లక్క ముందు పెట్టాడు. మూడు రోజులుగా ఆమె అడుగుతున్న జాబితా. తాళం లేని జాబితా, కంప్యూటరు నెమ్మది వల్ల రాని జాబితా, ఇన్నాళ్ళూ ఆయన మోకాలి పక్కనే ఉంది.

“నీ మేలు కోరే ఇది బయటపెట్టలేదమ్మా,” అన్నాడు. అంతసేపూ అన్న మీరు కాస్తా నువ్వు అయింది.

ఆమె వేలు పెట్టి చదివింది. పది గంటల పదిహేడు నిమిషాల ఆరు సెకన్లు. కొండ. సెట్టు నలభై ఒకటి. మూడు సెకన్లు. పూర్తిగా అందింది. ఆ ఒక్క వాక్యం కోసం నాలుగు రోజులుగా బిగపట్టిన ఊపిరి వదిలింది. తన పెట్టె మాట మింగలేదు. జోడీ చేసిన పాపమేమీ లేదు. ఈ సంగతి సాయంత్రం లోపల బాబాయి చెవిన వెయ్యాలి అనుకుంటూ వేలు కింది వరసకు దించింది.

పది గంటల పదిహేడు నిమిషాల నలభై సెకన్లు. యార్డు. సెట్టు తొమ్మిది. రెండు సెకన్లు. పూర్తిగా అందింది.

తొమ్మిదో నంబరు ఎవరిదో చూడ్డానికి ఆమెకు రిజిస్టరు అక్కర్లేదు. ఆ అంకెను తన చేత్తోనే ఆ సెట్టు వీపున అంటించింది. అది తన భర్త సెట్టు.

చదివిందే మళ్ళీ చదివింది. అక్షరాలు మారలేదు. పెట్టెకేమన్నా నొప్పా అని పొద్దున అతనన్న మాట చెవిలో తిరిగింది. తినకుండా వదిలేసిన కంచం, వెళ్ళని ఆసుపత్రి, ఎత్తని తల, అన్నిటికీ ఇప్పుడు వేరే అర్థం వచ్చింది. దానికంటే పెద్ద బాధ ఇంకోటి. నాలుగు నెలల క్రితమైతే యార్డు గొంతు ఏరు దాటి కంట్రోల్ రూముకు చేరేదే కాదు. దానికి దారి వేసింది తనే. వద్దన్న మాటనూ, వెయ్యమన్న మాటనూ తన పెట్టెలు ఒకే నమ్మకంతో మోసుకొచ్చాయి.

“ఇప్పుడు చెప్పు,” అన్నాడు మేనేజరు, కలం ఆమె చేతికి దగ్గరగా జరుపుతూ. “పెట్టె మాట మింగిందా, లేదా?”

కాగితం మీద సంతకం పెడితే రెండో వరసను ఎవరూ చదవరు. పెట్టెలు పోతాయి, జోడీ జీవితమంతా ఏడుస్తాడు, కొండ మళ్ళీ మూగదవుతుంది. ఇల్లు మాత్రం ఇల్లులాగే ఉంటుంది. సాయంత్రం ఇద్దరూ ఒకే బండి మీద ఇంటికెళ్తారు. ఆ లెక్కంతా ఆయన మొహంలో స్పష్టంగా కనపడింది ఆమెకు. ఆమె కలాన్ని తిరిగి ఆయన వైపు జరిపేసింది. ఈ మనిషి మూడు రోజుల కిందటే తన సంసారాన్ని తూకం వేసి, సొరుగులో పెట్టుకుని కూర్చున్నాడు.

అధికారిణి జాబితా మీదికి వంగి చూసి, తొమ్మిదో నంబరు ఎవరిదని అడిగింది.

“నా భర్తదండీ,” అంది సెట్లక్క. గొంతు అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. “రాసుకోండి. దాని పక్కనే ఇంకోటి కూడా రాయండి. వ్యాగన్లు నిలబడి ఉన్నప్పుడు యార్డు చెప్పిందే చివరి మాట అని ఈ సారు సంతకంతో ఒక కాగితం కంట్రోల్ రూము గోడ మీద ఉంది. వెళ్ళి చూడండి. రెండూ ఒకేచోట రాస్తేనే నిజం. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే ఒప్పుకోను.”

పెద్దాయన అవునన్నట్టు తల ఊపాడు. రెండు నెలల కిందట తనే జిగురు పూసి అంటించానన్నాడు. మేనేజరు అది ఉత్పత్తికి సంబంధించిన సంగతని, ఈ విచారణలోకి రాదని ఏదో చెప్పబోయాడు. అధికారిణి చేత్తో వారించి రాసుకుంటూనే ఉంది.

ఆమె రాయడం అయ్యేదాకా సెట్లక్క ఆగలేదు. బల్ల మీద సెట్టు చేతిలోకి తీసుకుంది. ఆమె ఏం చెయ్యబోతోందో మేనేజరుకు అర్థమై కుర్చీలోంచి సగం లేచాడు.

“అది మూడు చోట్లా వినబడుతుంది.”

“తెలుసు సార్. అలా వినబడేలా చేసింది నేనే.”

బటన్ నొక్కింది. లోపల ఒకటి అనుకుంది. డ్యూటీలో ఆమె అతన్ని ఎప్పుడూ అందరి ముందూ మీరనే పిలిచేది. ఇవాళ ఆ మర్యాద నోటికి రాలేదు.

“తొమ్మిదో నంబరు. నేను మాట్లాడుతున్నాను. సోమవారం పది పదిహేడుకు బెల్టు వెయ్యమన్నావు. దానికి ముందు కొండ మీద నుంచి ఒక మాట వచ్చింది. అది నువ్వు విన్నావా, వినలేదా? నాకు చెప్పొద్దు. కొండకి చెప్పు.”

మళ్ళీ ఒకటి అనుకుని బటన్ వదిలింది.

కొండ మీద ఎవరూ నవ్వలేదు. ప్లాంటులో ఎవరూ సెట్టు తాకలేదు. కిటికీ అవతల మూడో బెల్టు తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించి, ఆగిపోయింది. అది ఎవరు ఆపమన్నారో, ఎవరు ఆపారో ఆ గదిలో ఎవరికీ తెలియదు.

సెట్టు మీద పచ్చదీపం వెలిగింది. చిన్న అద్దంలో తొమ్మిది అన్న అంకె వచ్చింది. ఏటి అవతల అతను బటన్ నొక్కాడు. మాట మాత్రం లేదు. వ్యాగన్ల గొలుసులు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు, దాని మీద ఒక మనిషి ఊపిరి. ఆ ఊపిరి ఆమెకు తెలుసు. పెట్టెలు ఆ సెకన్లను కూడా రాసుకుంటున్నాయి. ఐదు. ఆరు. ఏడు. మేనేజరు నిలబడే ఉన్నాడు. అధికారిణి కలం కాగితానికి జానెడెత్తున ఆగిపోయింది.

పదకొండో సెకనుకు అతను నోరు విప్పాడు.